ఉప్పలపాటి పక్షులు

గుంటూరు, ప్రకాశము జిల్లాల మైదానములు అనగానే మన మనస్సునకు ముందుగా తోచునవి మిరపతోటలు, ప్రత్తిచేలు. నల్లరేగడి నేల, కల్లములలో ఆరబోసిన ఎర్రని మిరపకాయలు, తెల్లగా విరిసిన ప్రత్తి, బోరెములతో నిండిన బండ్లు - ఇవి మనకు నిత్యము కనుపించు దృశ్యములు. ఈ నేలను దున్ని పంట పండించువాడు రైతు. అయితే ఈ నేలనే నమ్ముకొని, రైతు వెంట దుక్కిచాళ్లలో నడచుచు, అతని చెరువులో నీరు త్రాగుచు, అతడు నాటిన చెట్టుపై గూడు కట్టుకొనుచు జీవించు ప్రజ మరియొకటి కలదు. అది పక్షిజాతి. ఆ పక్షులు మన యిరుగుపొరుగువారు. ఐనను మనలో అనేకులకు వాటి పేర్లైనను తెలియవు. ఇరుగుపొరుగువారి పేరు తెలియకుండ జీవించుట మర్యాద కాదు గదా!

గుంటూరు నగరమునకు సుమారు పది కిలోమీటర్ల దూరమున, పెదకాకాని మండలములో, ఉప్పలపాడు అను గ్రామము కలదు. ఆ యూరి చెరువు చాల పెద్దది కాదు. దాని మధ్య మట్టిదిబ్బలున్నవి. దిబ్బలపై తుమ్మచెట్లు పెరిగియున్నవి. దూరమునుండి చూచువారికి ఆ చెట్లు ఆకులు కానరాక తెల్లని పూలతో నిండినట్లు తోచును. దగ్గరకు పోయిన కొలది ఆ పూలు కదలుట, రెక్కలు విప్పుట, ఒకదానినొకటి తోసికొనుట కనుపించును. అవి పూలు కావు, పక్షులు. వేలకొలది పక్షులు ఆ చిన్న చెరువును తమ నివాసముగ చేసికొన్నవి. వానలు తగ్గినది మొదలు వేసవి తొలి దినముల వరకు అక్కడ గూళ్లు కట్టుట, గ్రుడ్లు పొదుగుట, పిల్లలను పెంచుట నిరంతరముగ సాగుచుండును. వాటిని చూచుటకై చెరువు గట్టున ఒక ఎత్తైన మంచెను కూడ నిర్మించిరి.

ఇన్ని చెరువులుండగా పక్షులు ఈ చెరువునే ఏల ఎన్నుకొన్నవి? పక్షి గూడు కట్టుటకు ముందు మూడు విషయములను చూచుకొనును. మొదటిది రక్షణ. చెట్టు చుట్టును నీరున్నయెడల పిల్లి, కుక్క, ముంగిస మొదలగు జంతువులు గూటిని సులభముగ చేరలేవు. రెండవది ఆహారము. ఉప్పలపాటికి ఎగిరిపోదగిన దూరములో కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు, వరిమళ్లు, కుంటలు, మడుగులు ఉన్నవి. తెల్లవారగానే పెద్దపక్షులు అటు పోయి చేపలను, నత్తలను, కప్పలను వేటాడి తెచ్చి పిల్లలకు పెట్టును. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది: మనుష్యులు హాని చేయకుండుట. నీరును చెట్లును ఎన్ని యున్నను, రాయి విసరువాడు గట్టుమీద నిలిచియున్నచో పక్షి అక్కడ గూడు పెట్టదు.

ఈ చెరువునందు కనుపించు పక్షులలో ముఖ్యమైన కొన్నింటిని తెలిసికొందము.

అన్నిటిలోను భారీయైనది గూడబాతు. దీనిని ఆంగ్లమున పెలికన్ అందురు. దీని రంగు బూడిద కలసిన తెలుపు. రెక్కలు చాచినపుడు ఒక కొననుండి రెండవ కొన వరకు రెండు మీటర్లకు పైగ నుండును. దాని పొడవైన ముక్కు క్రింద ఒక చర్మపు సంచి వ్రేలాడుచుండును. గూడబాతు నీటితోపాటు చేపలను ఆ సంచిలోనికి తోడుకొని, నీటిని బయటికి జార్చివైచి, చేపను మ్రింగును. ఆ సంచిలో చేపలను దాచిపెట్టుకొనునని కొందరనుకొందురు. అది నిజము కాదు. అది వలవంటి పనిముట్టే గాని గాదెవంటిది కాదు. పిల్లలకు ఆకలియైనపుడు అవి తల్లి నోటిలోనికి తలదూర్చి గొంతులోని ఆహారమును తినును. ఇంత బరువైన పక్షి ఆకాశమున ఎగురునపుడు మాత్రము చాల సొంపుగ నుండును. ఎండకు వేడెక్కి పైకి లేచు గాలిని ఆధారముగ గొని, రెక్కలాడింపకయే గిరగిర తిరుగుచు మిక్కిలి ఎత్తునకు పోగలదు.

అందమున మొదటిస్థానము ఎర్రకాళ్ల కొంగది. దాని శరీరము తెలుపు, రెక్కలపై నలుపు, రొమ్ముపై నల్లని పట్టె, తోకవద్ద గులాబిరంగు ఈకలు, పసుపుపచ్చని పొడవైన ముక్కు. చిత్రకారుడు రంగులద్దినట్లుండుటచే ఆంగ్లేయులు దీనికి రంగులకొంగ అను అర్థమిచ్చు పేరు పెట్టిరి. ఇది వేటాడు విధము వింతయైనది. లోతు తక్కువగల నీటిలో నిలిచి, ముక్కును సగము తెరచి నీటిలో ముంచి, అటునిటు త్రిప్పుచుండును. చేప తగిలిన క్షణముననే ముక్కు మూసికొనును. కంటితో చూడకయే స్పర్శతోనే వేటాడుటచే బురదనీరైనను దానికి ఆటంకము లేదు. మధ్యాహ్నపుటెండలో తల్లిపక్షి గూటిపై నిలిచి రెక్కలు విప్పి పిల్లలకు గొడుగు పట్టినట్లు నీడ నిచ్చును. పెరిగిన ఎర్రకాళ్ల కొంగకు చెప్పుకొనదగిన కంఠస్వరము లేదు. ముక్కును టకటకలాడించుటయే దాని భాష.

గుల్లకొంగ ముక్కును చూచినవారు అది విరిగినదని అనుకొందురు. పై ముక్కునకు క్రింది ముక్కునకు నడుమ సందు ఉండును. పుట్టిన పిల్లకు ఈ సందు ఉండదు. పెరిగిన కొలది ఏర్పడును. నత్తలను పట్టుకొని, గుల్లలోని మాంసమును బయటికి లాగి తినుట దాని ప్రధానవృత్తి. వరిమళ్లలోని నత్తలను అది ఏరివేయుచుండుటచే రైతునకు ఉపకారియే.

నల్లని తల, వంకరముక్కు గల తెల్లకంకణము, చిన్నవి పెద్దవియైన తెల్లకొంగలు, నల్లని నీటికాకులు కూడ ఇక్కడ కనుపించును. నీటికాకి నీటిలో మునిగి చేపను వెంబడించును. దాని ఈకలు బాతు ఈకలవలె నీటిని త్రోసివేయవు, తడియును. అందుచేతనే అది కొమ్మపై కూర్చుండి రెక్కలను చాచి ఎండలో ఆరబెట్టుకొనుచుండును. చింతవక్క అను కొంగ పగలంతయు చెట్లలో కునికిపాట్లు పడుచుండి, మునిమాపువేళ మేతకు బయలుదేరును. కడమ పక్షులు ఇల్లు చేరు సమయమున అది పనికి పోవును. కావున ఆ చెరువు రేయింబవళ్లు నిద్రపోదనియే చెప్పవలెను.

ఈ పక్షులన్నియు సైబీరియానుండి వచ్చినవని మన ప్రాంతమున ఒక వాడుక కలదు. ఇది సరిచేసికొనదగిన అభిప్రాయము. గూడబాతును, ఎర్రకాళ్ల కొంగయు, గుల్లకొంగయు మన దేశపు పక్షులే. అవి నీరున్నచోటికి, ఆహారమున్నచోటికి కొన్ని వందల మైళ్లు తిరుగవచ్చును గాని, పుట్టినిల్లు మాత్రము మన భూములే. ఆలోచించిన యెడల ఈ విషయము మనకే తెలియును. చలిదేశమునుండి శీతకాలము గడపుటకై వచ్చు పక్షి ఇక్కడ గూడు కట్టదు. తన దేశమునకు తిరిగిపోయి అక్కడనే గ్రుడ్లు పెట్టును. ఇక్కడ గూడు కట్టి పిల్లలను కనుచున్నదనగా ఇది దాని స్వగృహమని అర్థము.

అయితే నిజముగ దూరదేశములనుండి మన జిల్లాలకు వచ్చు అతిథులు కూడ ఉన్నవి. సూదితోక బాతులు ఉత్తరపు చలిప్రాంతములలో గ్రుడ్లు పెట్టి, శీతకాలమున మన చెరువులకు వచ్చును. గులాబి గోరువంకలు మధ్య ఆసియానుండి గుంపులు గుంపులుగ వచ్చి జొన్నచేలపై వ్రాలును. వాటి తల, రెక్కలు, తోక నలుపు. వీపును పొట్టయు గులాబిరంగు. అవి కంకులను తినుటచే రైతు వడిసెల పట్టి తరుమవలసియే వచ్చును. కాని ఆ పక్షులే తమ స్వదేశమున మిడుతలను విశేషముగ తిని అచటి పైరులను కాపాడుచున్నవి. ఒకచోట పన్ను పుచ్చుకొని వేరొకచోట కావలి కాయుచున్న వన్నమాట!

మన పక్షుల తెలుగు పేర్లు వ్రాతలో నిలుచుటకు తోడ్పడిన ఒక విదేశీయుని ఇచట స్మరింపవలెను. థామస్ కావర్‌హిల్ జెర్డన్ అను వైద్యుడు 19వ శతాబ్దమున చెన్నపురి రాజధానిలో పనిచేసెను. కొంతకాలము నెల్లూరులో ఉండెను. నేటి ఒంగోలు ప్రాంతము అపుడు నెల్లూరు జిల్లాలోనిదే. 1904వ సంవత్సరమున గుంటూరు జిల్లా ఏర్పడునంతవరకు అట్లేయుండెను. జెర్డన్ పక్షులను పరిశీలించుటతో తృప్తిపడక, గ్రామస్థులు వాటిని పిలుచు పేర్లను కూడ అడిగి తెలిసికొనెను. 1862 మొదలు 1864 వరకు వెలువడిన తన గ్రంథమున ఆ తెలుగు పేర్లను చేర్చెను. పక్షుల సంగతి పల్లెవాసులకు ఎంత బాగుగ తెలియునో దాని వలన స్పష్టమగుచున్నది.

జెర్డన్ పేరుతోనే ఒక పక్షి కలదు. దానిని మనవారు కలివికోడి అందురు. అది 1900వ సంవత్సరము తరువాత ఎవరికిని కనుపింపక పోవుటచే నశించినదని శాస్త్రజ్ఞులు భావించిరి. 1986వ సంవత్సరమున కడప జిల్లాలోని చిట్టడవులలో అది మరల కనుపించెను. దానిని చూపించినది ఆ ప్రాంతపు అడవి నెరిగిన ఒక పల్లెవాసియే. పుస్తకములు నశించినదన్న పక్షి పల్లెవాని కంటికి చిక్కినది!

చెరువు దగ్గర లేనివారు నిరాశపడనక్కరలేదు. పక్షిని చూచుటకు ప్రత్తిచేను చాలును. చేని గట్టున తీగెమీద నల్లగ, తోక చీలి కూర్చున్న పక్షి పసులపోలిగాడు. కొందరు దానిని ఏట్రింత అందురు. అది గాలిలోనికి ఒక్కదూకు దూకి పురుగును పట్టుకొని మరల తన స్థానమునకే వచ్చి కూర్చుండును. పశువుల వెంట నడచు తెల్లకొంగలు, వాటి కాళ్లకు బెదరి లేచు మిడుతలను తినును. గోరువంకలు దుక్కిచాళ్లలోని పురుగులను ఏరుకొనును. దసరానాడు మన పెద్దలు దర్శించుకొను పాలపిట్ట కూడ మిడుతలను తినునదియే. రాత్రివేళ గుడ్లగూబ కావలి కాయును. మిరపను, ప్రత్తిని కొరుకు ఎలుకలు దానికి ఆహారము.

ఈ సహాయము యొక్క విలువ మన జిల్లాల రైతులకు కష్టకాలమున తెలిసివచ్చెను. 1980వ దశకమున గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిచేలను తెల్లదోమ పట్టి పీడించెను. రైతులు మందు మీద మందు చల్లిరి. ఆ మందుల వలన దోమను తిను మేలుపురుగులు కూడ చచ్చెను; దోమ మాత్రము మందునకు అలవాటు పడెను. ఖర్చు పెరిగినది, పంట పోయినది. అప్పుల బాధ భరింపలేక ప్రాణములు తీసికొనిన రైతులు కూడ కలరు. నాటినుండి వ్యవసాయశాస్త్రజ్ఞులు మందుపైననే ఆధారపడవద్దని, పురుగు శత్రువులను పెంచుకొనుడని బోధించుచున్నారు. చేనిలో అక్కడక్కడ పంగలకర్రలు పాతుట అట్టి ఉపాయములలో ఒకటి. వీటిని పక్షిస్థావరములందురు. పసులపోలిగాడు, గోరువంక ఆ కర్రలపై వ్రాలి కాయతొలుచు పురుగులను తినును. ఖర్చు లేని కూలీలు ఇవి. పక్షులు మాత్రమే పురుగు నంతటిని అరికట్టగలవని అనుట అతిశయోక్తియగును. కాని వాటి పాలి పని వాటిని చేయనిచ్చుట రైతునకు లాభము.

పక్షులు ఒక తావును నమ్ముట ఎంత కష్టమో, ఆ నమ్మకము పోవుట అంత సులభము. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెమునకు సమీపమున ఆరేడు అను గ్రామమున గూడబాతులు వందలకొలదిగ గూళ్లు కట్టియుండుటను 1946వ సంవత్సరమున కె. కె. నీలకంఠన్ అను కేరళీయుడు చూచి లోకమునకు తెలియజేసెను. పక్షిశాస్త్రజ్ఞులందరును సంతోషించిరి. ఆ తరువాత మూడు దశాబ్దములు గడచునప్పటికి ఆ ప్రాంతపు పక్షులు తమ గూళ్లను విడిచి పోయినవి. కొల్లేటి సరస్సు చుట్టును చేపలచెరువులు పెరిగి సరస్సు కుంచించుకొని పోయెను. 1999లో కొల్లేరు అభయారణ్యముగ ప్రకటింపబడెను. 2006లో అభయారణ్యము లోపలి చేపలచెరువుల గట్లను ప్రభుత్వము తొలగించెను. నేడు కొల్లేటిలోని ఆటపాక వద్ద గూడబాతులు మరల గుంపులుగ గూళ్లు కట్టుచున్నవి. చెట్లు చాలనందున వాటికొరకు నీటిలో ఇనుప మంచెలు నిలిపిరి. పక్షులు వాటిని కూడ అంగీకరించినవి. నమ్మకమును తిరిగి సంపాదింపవచ్చును గాని, అందులకు ఎన్ని సంవత్సరములు పట్టునో చూచితిరా!

ఉప్పలపాటికి కూడ ఇట్టి చిక్కులు కలవు. చెరువు చిన్నది, పక్షులు అనేకములు. పక్షుల రెట్ట విశేషముగ పడుటచే చెట్లు క్రమముగ ఎండిపోవును. అందుచేత అక్కడ కూడ ఇనుముతో కృత్రిమవృక్షములను నిలిపిరి. వేసవిలో చెరువు ఇంకిపోయినచో దిబ్బలకు రక్షణగనున్న నీటికోట కూలినట్లే. అపుడు కుక్కలు, పిల్లులు గూళ్లవద్దకు పోగలవు. కావున వేసవిలో చెరువునకు నీరు చేర్చుట అత్యవసరము. పక్షుల వలన ఊరివారికి కలుగు ఇబ్బందులను కూడ మనము దాచరాదు. వేలపక్షుల రెట్ట వాసన, రాత్రింబవళ్లు వినవచ్చు రొద, ఇండ్లకు చేరువలో నివసించువారికి సుఖకరములు కావు. పక్షులకు విడిచిన చెరువును ఇతర ప్రయోజనములకు ఇష్టము వచ్చినట్లు వాడుకొనుటకును వీలులేదు. ఒక్కపూట చూచి మెచ్చుకొని పోవువానికి ఖర్చు లేదు. ఏడాది పొడుగున భరించువారి ఔదార్యమే పక్షులను నిలుపుచున్నది.

ఇట్టి ఔదార్యము దక్షిణదేశమున క్రొత్తది కాదు. తమిళనాడులోని వేడంతాంగల్ గ్రామస్థులు తమ చెరువు పక్షులను వేటగాండ్రు కాల్చుచుండగా సహింపక అధికారులతో మొరపెట్టుకొని, 1798వ సంవత్సరముననే రక్షణ కల్పించు ఉత్తరువును సంపాదించిరి. పక్షుల రెట్ట కలసిన ఆ చెరువునీరు పొలములకు ఎరువుగ నుపయోగపడుననుట వారి అనుభవము. అనంతపురపు సీమలోని వీరాపురమున ఎర్రకాళ్ల కొంగలు ఊరి నడుమ చెట్లపైననే గూళ్లు కట్టును. అచటివారు వాటిని ఊరి బిడ్డలుగ చూచుకొందురు. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమునకును అట్టి పేరే కలదు. దొరవారిసత్రము సమీపముననున్న నేలపట్టు చెరువును 1976లో ప్రభుత్వము పక్షుల అభయారణ్యముగ ప్రకటించెను. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము పక్షులను చంపుటను, గూళ్లను పాడుచేయుటను నేరముగ నెంచుచున్నది. చట్టము పుస్తకమున నుండును. దానిని చెరువుగట్టున అమలుపరచువారు మాత్రము గ్రామస్థులే.

ఇక పక్షులను ఎట్లు చూడవలెనో చెప్పుకొందము. దీనికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు. దుర్భిణి ఉన్న మంచిదే. లేకున్నను కన్నులు, చెవులు, ఓర్పు చాలును. సూర్యోదయమునకు పూర్వమే చెరువు చేరవలెను. ఆ వేళ పక్షులు మేతకు బయలుదేరును. సాయంకాలము అవి తిరిగివచ్చు సమయము కూడ మంచిదే. మెరయు రంగుల దుస్తులకు బదులు మట్టిరంగు, ఆకురంగు దుస్తులు ధరింపవలెను. మాటలాడక, పరుగెత్తక, ఒకచోట నిలిచి చూడవలెను. కొంతసేపటికి పక్షులు మనలను మరచిపోవును. అపుడే అసలు దర్శనము మొదలగును.

గూటికి చేరువగ పోరాదు. మనము సమీపించినచో తల్లి భయపడి లేచిపోవును. ఆ కొద్దిసేపటిలోనే కాకి గ్రుడ్డును ఎత్తుకొనిపోవును. లేదా నీడ లేని పిల్ల ఎండకు మాడును. చప్పట్లు కొట్టి పక్షులను ఒక్కమారుగ ఎగురగొట్టుట కొందరికి వినోదము. ఆ వినోదమునకు ధర చెల్లించునది గూటిలోని పిల్ల.

చూచినదానిని వెంటనే ఒక చిన్న పుస్తకమున వ్రాసికొనవలెను. తేది, వేళ, స్థలము, పక్షి పరిమాణము, ముక్కు ఆకారము, కాళ్లరంగు, అది చేయుచున్న పని - ఇవి వ్రాసిన చాలును. పేరు తెలియనిచో పిచ్చుకకంటె పెద్దదా, గోరువంక యంత యున్నదా, కాకి యంత యున్నదా అని పోల్చి వ్రాయుడు. పేరు తరువాత తెలిసికొనవచ్చును. గుంపును లెక్కించుటకు ఒక సులభోపాయము కలదు. మొదట పది పక్షులను లెక్కించి, అవి ఆక్రమించిన చోటెంతయో కంటితో కొలుచుకొనుడు. గుంపు మొత్తములో అట్టి చోట్లు ఎన్ని యున్నవో చూచి, పదిచేత గుణింపుడు. పక్షిశాస్త్రజ్ఞులు కూడ ఇదే విధమున అంచనా వేయుదురు. 1987వ సంవత్సరమునుండి ప్రతి జనవరిలోను ఆసియాఖండపు నీటిపక్షులను లెక్కించు కార్యక్రమము జరుగుచున్నది. అందు పాల్గొనువారిలో ఉపాధ్యాయులు, విద్యార్థులు, రైతులు, ఉద్యోగులు ఉన్నారు.

లెక్కించిన మాత్రమున ఏమగునని మీరు అడుగవచ్చును. రాబందుల కథ వినుడు. మన పెద్దలు చిన్నవారైయున్న కాలమున పశువుల కళేబరములపై రాబందులు గుంపులుగ వ్రాలెడివి. అవి ఊరిని శుభ్రపరచుచుండెడివి. రాజస్థానములోని భరత్‌పూరు వద్ద 1980వ దశకమున వాటిని లెక్కించిరి. 1990వ దశకమున మరల లెక్కించిరి. రెండు లెక్కలను పోల్చి చూడగా రాబందులు భయంకరముగ తగ్గిపోవుట బయటపడెను. కారణమును వెదకగా, పశువుల నొప్పికి వాడు డైక్లోఫెనాక్ అను మందు కళేబరము ద్వారా రాబందులకు విషమగుచున్నదని 2004లో తేలెను. 2006లో పశువులకు ఆ మందు వాడుటను ప్రభుత్వము నిషేధించెను. మొదటి లెక్కయే లేకున్నచో రెండవ లెక్కకు అర్థముండదు గదా! ఈనాడు మీరు ఉప్పలపాటి గట్టున నిలిచి వ్రాసికొను అంకెలు రేపటివారికి అట్టి మొదటి లెక్క కావచ్చును.

భారతదేశమున పక్షిశాస్త్రమునకు పితామహుడనదగిన సలీం అలీ 1896లో జన్మించి 1987లో మరణించెను. బాల్యమున ఆయన తుపాకితో ఒక పిచ్చుకను కొట్టెను. దాని గొంతుపై పసుపుమచ్చ యుండుట చూచి, ఇది ఏ పక్షియని తెలిసికొనగోరి, బొంబాయిలోని ప్రకృతిచరిత్ర సంఘమునకు పోయెను. ఆ ప్రశ్నయే ఆయన జీవితమును మార్చివేసెను. తరువాత 1931, 1932 సంవత్సరములలో హైదరాబాదు సంస్థానమంతయు తిరిగి అచటి పక్షులను పరిశీలించెను. ఒక బాలుడు అడిగిన ‘ఇది ఏ పక్షి?’ అను ప్రశ్న దేశమునకు ఒక శాస్త్రజ్ఞుని ఇచ్చినది.

విద్యార్థులారా! మీ యూరి చెరువు చిన్నదైనను, మీ పొలముగట్టున ఒక్క తుమ్మచెట్టే యున్నను, అక్కడ చూడదగినది కలదు. పడమట నల్లమల అంచుల నివసించువారికి నెమలియు, పొన్నంగిపిట్టయు కనుపించును. తూర్పున సముద్రతీరపు ఉప్పునేలలలో వారికి పొడవుకాళ్ల ఉల్లంకిపిట్టలు కనుపించును. నడుమనున్న మిరప, ప్రత్తి భూములవారికి పసులపోలిగాడు నిత్యము తోడుగనుండును. ముందు ఒక పక్షి పేరు నేర్చుకొనుడు. పేరు తెలిసిన పక్షిపై రాయి విసరుటకు చేయి రాదు. ఉప్పలపాటి చెరువు గొప్పతనమంతయు అట్టి విసరని రాళ్లలోనే యున్నది.

ప్రశ్నలు

1. పక్షులు ఉప్పలపాటి చెరువును నివాసముగ ఎన్నుకొనుటకు గల కారణములేవి?

2. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సైబీరియానుండి వచ్చినవి కావని ఎట్లు చెప్పగలము?

3. ప్రత్తిచేనిలో పంగలకర్రలు ఏల పాతుదురు?

4. పక్షులను లెక్కించుట వలన కలుగు ప్రయోజనమును రాబందుల కథ ఆధారముగ వివరింపుడు.

5. మీ గ్రామములో లేదా వీధిలో ఒక వారము దినములు కనుపించిన పక్షుల పట్టికను తేది, వేళలతో వ్రాయుడు.